షేక్ గారి మూడో దగ్గు

శాబాన్ 27, శనివారం

రంజాన్ సరుకులు సర్దడం ఈ రోజుతో అయింది. ఎర్రపప్పు రెండు డబ్బాలు, బియ్యం ఒక బస్తా, ఎండు నిమ్మకాయలు ఒక సీసా, ఖర్జూరపు పాకం ఆరు సీసాలు. ఆరింటిలో నాలుగు వంటకి, రెండు రక్తానికి. ప్రతి ఏడూ ఇదే లెక్క. మూడు గరిటెల పాకానికి ఒక గరిటె టమాటా ముద్ద, చిటికెడు పిండి. చొక్కా మీద పడ్డాక అరగంటలోపు చన్నీళ్ళలో నానబెడితే పోతుంది. వేణ్ణీళ్ళు పనికిరావు.

ఆ రెండు సీసాలూ విడిగా పెడుతుంటే మా ఆయన ఫాలిహ్ వచ్చి వాటిని తీసి మిగతా నాలుగింటి పక్కన పెట్టాడు.

"ఈ ఏడు రక్తం అక్కర్లేదు. ఈసారి నేను చావను."

ఈ రంజాన్ సీరియల్ ముప్పై భాగాల్లోనూ ఉంటాడట. షేక్ వేషం, అంటే ఒక తెగకు పెద్ద. దుర్మార్గుడే గాని చివర్లో బుద్ధి తెచ్చుకుని హజ్‌కు వెళ్తాడట. పండగ నాటికి టీవీలో ప్రాణాలతో ఉంటానని, రాసిపెట్టుకోమని అన్నాడు. రాసిపెట్టుకున్నాను. ఈ డైరీ వెనక పేజీల్లో ఆయన చావులన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళలో ముప్పై ఒకటి. తుపాకీ 14, కత్తి 6, బాంబు 5, ఉరి 2, ఇల్లు కూలి 2, విషం 1, ఒంటె తన్ని 1. నాలుగో భాగం దాటి బతికిన రంజాన్ లేదు.

నాకు ఈ నటన మొదట్నుంచీ ఇష్టం లేదు. కూలర్లు బాగుచేసే పని చేతిలో ఉంది, వేసవిలో బాగ్దాదులో ఆ పనికి రాజుకున్నంత గౌరవం. ఇది మానేయమని ఏడాదికి ఒకసారైనా చెబుతున్నాను. చెప్పిన తేదీలు కూడా రాసి ఉన్నాయి.

రంజాన్ 1, మంగళవారం

ఉపవాసం విడిచాక మొదటి భాగం వచ్చింది. నేను సీరియళ్ళు చూడను. ఆ వేళకి వెల్లుల్లి వలుస్తాను. బుట్ట టీవీ ముందు ఉంటుంది, అది మా అమ్మాయి రుసుల్ పెట్టిన చోటు. ఈ రోజు పదకొండు గడ్డలు వలిచాను.

షేక్ గదిలోకి వచ్చే ముందు దగ్గు వినిపిస్తుంది. ఒకటి. కొంచెం ఆగి రెండు. ఇంకొంచెం ఆగి, గొంతులో రాయి దొర్లినట్టు మూడు. అప్పుడు మనిషి వస్తాడు, కుంటుకుంటూ, అంగవస్త్రం భుజం మీద సర్దుకుంటూ. రుసుల్ తింటున్న ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. టీవీలో ఉన్నది మా ఆయన అని ఒక నిమిషం పాటు మర్చిపోయాను.

ఆ దగ్గు ఎక్కడిదని అడిగాను. మూడేళ్ళ కిందట సువైరా దగ్గర షేక్ మిజ్‌హర్ గారి అతిథిశాలలో కూలర్లు బిగించడానికి వెళ్ళాడు కదా, అక్కడిదట. రెండు రోజుల పని, ఆరు రోజులు ఉన్నాడు. మోటారు కాలిపోయిందని నాకు ఫోన్ చేశాడు. మోటారు కాలేదన్నమాట.

ఆయన చదువు ఇదే. నటనకళాశాలలో చేరడానికి వెళ్తే ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. కాజిమియా మినీబస్సులో అన్నాడు. నవ్వి పంపేశారు. తర్వాత ఒక నాటకశాలలో కూలర్ బాగుచేస్తుంటే శవం వేషగాడు రాలేదని ఈయన్ని పడుకోబెట్టారు. దేశం మీద ఆంక్షలున్న కాలం, జనం నవ్వు కోసం మొహం వాచి ఉన్నారు. శవం తుమ్మింది. చప్పట్లు ఆగలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చిన మనిషి మళ్ళీ పూర్తిగా కూలర్ల వాడు కాలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పరామర్శలకు వెళ్ళి మగవాళ్ళు ఎలా ఏడుస్తారో చూసి వస్తాడు. మా వీధిలో అందరూ ఆయన్ని మహా దయగల మనిషి అనుకుంటారు.

రంజాన్ 2, బుధవారం

వెల్లుల్లి తొమ్మిది గడ్డలు.

రంజాన్ 3, గురువారం

పన్నెండు. నెలకు సరిపడా అయిపోయింది. రేపటి నుంచి ఉల్లిపాయలు.

ఆయన ఎత్తుకొచ్చిన అలవాట్ల గురించి రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. పోయిన ఏడు ఆయన గిడ్డంగి గుమాస్తా వేషం వేశాడు. ఆ గుమాస్తా బస్తాలు లెక్కపెడుతూ శబ్దం లేకుండా పెదాలు కదుపుతాడు, పదికి ఒకసారి బొటనవేలితో చూపుడువేలు నొక్కుతాడు. మర్నాడు వీధిలో ప్రతి ఆడదీ నన్ను చూసి పెదాలు కదిపింది. పదకొండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పన్నెండో రోజు గ్యాస్ సిలిండర్ మార్చాల్సి వచ్చింది. నాకు కోపమేమీ లేదు. అప్పట్నుంచి మూతి బిగించి లెక్కపెడుతున్నాను, అంతే. అలా పెడితే లెక్క తప్పుతోంది, అదొక్కటే ఇబ్బంది.

రంజాన్ 4, శుక్రవారం

సరిగ్గా ముఖ్యమైన చోట సర్కారు కరెంటు పోయింది. వీధి జనరేటర్ అందుకునేలోగా మూడు నిమిషాలు. వెలుగు వచ్చేసరికి ఎవరో ముసలాయన ఏడుస్తున్నాడు, ఫాలిహ్ అంగవస్త్రం సర్దుకుంటున్నాడు. మధ్యలో ఏమైందని అడిగాను. "ఏం లేదు, కాఫీ తాగారు" అన్నాడు.

రంజాన్ 5, శనివారం

కాఫీ తాగడం కాదు.

పొద్దున రొట్టెల దుకాణం వాడు నా సలాముకు జవాబు చెప్పలేదు. రొట్టెలు కూడా మాడినవి ఏరి ఇచ్చాడు. ఎనిమిదికి ఐదు మాడినవి. ఇంటికి వచ్చి రుసుల్ ఫోనులో ఆ మూడు నిమిషాలూ చూశాను.

ఒక ముసలాయన షేక్ దగ్గరికి వస్తాడు. కొడుకు షేక్ చెరలో ఉన్నాడు. కాఫీ కప్పు తాగకుండా కింద పెట్టి, నాకొక మనవి ఉంది అంటాడు. షేక్ మూడుసార్లు దగ్గి, "నీ కాఫీ తాగు" అంటాడు. ముసలాయన కళ్ళనీళ్ళతో తాగుతాడు. ఆయన గుమ్మం దాటగానే షేక్ ఆ కొడుకుని శత్రువులకు అప్పగిస్తాడు.

తాగు అన్నాక మాట ఇచ్చినట్టే. ఈ నేల మీద దొంగలు కూడా తప్పని మాట అది. రుసుల్ నాలుగేళ్ళప్పుడు బొమ్మ కావాలని నా ముందు పాలగ్లాసు కింద పెట్టి మనవి ఉందంది.

ఎందుకు చేశావని అడిగితే, రాసింది దర్శకుడు లైత్ అన్నాడు. నేను చెప్పాను: "మాట తప్పింది లైత్ రాసిన షేక్. దగ్గింది మాత్రం సువైరా షేక్. చూసేవాళ్ళకి ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?"

ఆయన ఫోను తీసుకుని ఆ మూడు నిమిషాలూ మళ్ళీ పెట్టుకుని చూశాడు. తర్వాత, "అంత బాగా వచ్చిందా?" అన్నాడు.

రంజాన్ 6, ఆదివారం

తెల్లారేసరికి గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉంది. ఈ ఇంటివాడు తెగకు జవాబు చెప్పాలి, అని. రంజాన్‌కు ముందే సున్నం వేయించిన గోడ. తడిగుడ్డతో తుడిచాను, సబ్బుతో తోమాను, కిరోసిన్ కూడా వాడాను. మంచి రంగు. మా గేటుకు వేసింది రెండేళ్ళకే పెచ్చులు లేచింది. ఆ డబ్బా ఎక్కడ కొన్నారో తెలిస్తే బాగుండు.

రంజాన్ 7, సోమవారం

షేక్ మిజ్‌హర్ గారి తమ్ముడి కొడుకు జాసిబ్ వచ్చాడు, నలుగురు మనుషులతో. జాసిబ్‌కు ముప్పై అయిదు ఉంటాయి, మీసం ఆయనకంటే ముందు గదిలోకి వస్తుంది. కూర్చోలేదు. నేను తలుపు వెనక నుంచి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మా పెద్దాయన జన్మలో కాఫీ మాట తప్పలేదు. నువ్వు ఆయన దగ్గు, ఆయన నడక, ఆయన అంగవస్త్రం పెట్టుకుని ముప్పై లక్షల మంది ముందు తప్పావు. సంతలో మా గొర్రెలు కొనేవాడు కూడా నవ్వుతున్నాడు. కాఫీ తాగమంటారా అని అడుగుతున్నాడు."

ఫాలిహ్ తల దించుకుని నిలబడ్డాడు. ఏమి కావాలని అడిగాడు.

"డబ్బు తీసుకునేవాళ్ళం కాదు. నువ్వు ఇంక తెర మీద కనిపించకూడదు. ఈ సీరియల్లో గాని, ఇంకో దాంట్లో గాని, టూత్‌పేస్ట్ ప్రకటనలో గాని. బతికినంత కాలం. మూడు రోజులు గడువు."

వెళ్ళేటప్పుడు వాళ్ళ డ్రైవరు, యాభై దాటిన మనిషి, జాసిబ్ బండి ఎక్కేదాకా ఆగి, ఫాలిహ్ పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. ఒంటె తన్నిన చావు తనకు చాలా ఇష్టమని చెప్పాడు. అది 23వ చావు.

రంజాన్ 8, మంగళవారం

ఇరవై ఆరేళ్ళుగా నేను అడుగుతున్నది ఇదే కదా. మానేస్తాడు. కూలర్ల పని చూసుకుంటాడు. చొక్కాలు మిగులుతాయి. పాకం మిగులుతుంది. నాకు మనశ్శాంతిగా ఉంది.

ఉల్లిపాయలు వలవలేదు. టీవీ పెట్టలేదు.

రంజాన్ 8, అదే రోజు

మధ్యాహ్నం ఫాలిహ్ డాబా మీద మా కూలర్ విప్పి కూర్చున్నాడు. అది చెడిపోలేదు. మధ్యలో ఒకసారి తొంగి చూశాను. పానా పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఎవరినీ అనుకరించడం లేదు. ఆ మొహం ఎవరిదో నాకు తెలియలేదు.

రంజాన్ 9, బుధవారం

మా పక్కింటి సయ్యద్ ముహ్‌సిన్ గారు పూనుకున్నారు. ప్రవక్త వంశం వారు, డెబ్బై ఏళ్ళవారు, ఇలాంటి తగవులు నలభై తీర్చారు. గడువు శుక్రవారం దాకా పొడిగించి, ఆ రోజు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక పెద్దలను తీసుకుని సువైరా వెళ్దామన్నారు. మాట్లాడేది ఆయన ఒక్కరేనట. ఫాలిహ్ నోరు విప్పకూడదు, నేల చూడాలి, అన్నిటికంటే ముఖ్యంగా దగ్గకూడదు.

సాయంత్రం నాకొక ఫోన్ వచ్చింది. ముసలి గొంతు, గట్టి గొంతు. షేక్ గారి భార్య, ఉమ్ ఖలఫ్. సలాము కూడా సగమే చెప్పి, శుక్రవారం నువ్వు కూడా రా, నీతో పని ఉంది అని పెట్టేసింది.

ఖర్జూరం నింపే కలీచా బిస్కెట్లకు పిండి కలిపాను. ఒట్టి చేతులతో వెళ్ళలేము. రెండు సీసాల పాకం ఎలాగూ మిగిలే ఉంది.

రంజాన్ 11, శుక్రవారం

ఇది పొడుగ్గా రాయాలి. కొంత భాగం ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పేది కాదు.

మూడు కార్లు, పదకొండు మంది పెద్దలు, నేను, అరవై కలీచాలు. అతిథిశాల రెల్లుతో కట్టినది, లోపల చల్లగా ఉంది. ఫాలిహ్ బిగించిన కూలర్లు మూడూ చక్కగా తిరుగుతున్నాయి. అది మనకు అనుకూలం అనుకున్నాను. నన్ను వెనక వంటింటికి పంపారు. మధ్యలో ఒక తెర. తెరకు చీలిక ఉంది.

షేక్ మిజ్‌హర్ గారు వచ్చారు. ముందు దగ్గు వినిపిస్తుందని ఊపిరి బిగబట్టాను. ఏ శబ్దమూ లేదు. ఆయన ఉన్నట్టుండి మధ్యలో ప్రత్యక్షమయ్యేసరికి పెద్దలు ఇద్దరు ఉలిక్కిపడ్డారు. తెల్లటి గడ్డం, సన్నటి మనిషి. కుంటు ఉంది. నేను గమనించాను, ఎడమకాలు. ఫాలిహ్ కుంటింది కుడికాలు.

అందరూ కూర్చున్నారు. సయ్యద్ గారు గొంతు సవరించుకుని కుడి చెయ్యి చాచారు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

కాఫీ లేదు. ఎలా ఉంటుంది? రంజాన్. అందరం ఉపవాసం. నలభై తగవులు తీర్చిన మనిషి, ఒక్కటీ రంజాన్‌లో మధ్యాహ్నం పూట తీర్చలేదు. కప్పు కింద పెట్టందే మనవి చెప్పకూడదు. మనవి చెప్పందే షేక్ గారు జవాబు ఇవ్వకూడదు. పదకొండు మంది ఈ పక్క, ఇరవై మంది ఆ పక్క, సూర్యాస్తమయానికి రెండు గంటల ఇరవై నిమిషాలు.

జాసిబ్ ఏదో అనబోయాడు. షేక్ గారు చెయ్యి ఎత్తి ఆపి, లోపలి నుంచి ఒక కప్పు తెప్పించారు. ఖాళీది. సయ్యద్ గారు దాన్ని చాలా మర్యాదగా అందుకుని, చాలా మర్యాదగా కింద పెట్టారు. మనవి చెప్పారు. ఇతను అజ్ఞాని, కావాలని చేసింది కాదు, బతుకుతెరువు తెంచవద్దు, అని. జాసిబ్ తన పక్షం చెప్పాడు. తెర మీద కనిపించకూడదు, అంతే. తర్వాత అందరూ షేక్ గారి వైపు చూశారు. ఆయన ఖాళీ కప్పు వైపు చూశారు. ఒప్పుకుందామనుకున్నా, ఖాళీ కప్పు చూపించి తాగమని ఎలా అంటారు? వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఉమ్ ఖలఫ్ నన్ను చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, చేతులకు పిండి. కూర్చోబెట్టి, అన్నంలో వేసే బాదం గింజలు నా ముందు పోసి వలవమంది.

"మీ ఆయన మా ఆయన దగ్గు ఎత్తుకుపోయాడు" అంది.

క్షమించమన్నాను.

"నాకు కాఫీ సంగతి అక్కర్లేదు, అది మగాళ్ళ గోల. నా మాట విను. నలభై రెండేళ్ళు కాపురం చేశాను. గొడ్ల దగ్గర ఉన్నాడా, పెరట్లో ఉన్నాడా, కోపంగా వస్తున్నాడా, ఆకలితో వస్తున్నాడా, అన్నీ ఆ దగ్గును బట్టే తెలిసేది. తను అలా దగ్గుతాడని పాపం ఆయనకే తెలియదు. మీవాడు చూపించాడు. ఆ రోజు నుంచి బిగబట్టుకుని తిరుగుతున్నాడు. పిల్లిలా వచ్చి వెనక నిలబడుతున్నాడు. రెండుసార్లు పాలగిన్నె వదిలేశాను. ఇంట్లో మనిషి లేనట్టే ఉంది."

నేను బాదం వలుస్తున్నాను. మూతి బిగించి లెక్కపెడుతున్నాను. లెక్క తప్పింది.

"నువ్వు చెప్పు. మీ ఆయన మానేస్తే నీకు మంచిదేనా? వద్దంటే మా జాసిబ్‌ను నేను చూసుకుంటాను. నీకేం కావాలి?"

దీనికి జవాబు నా దగ్గర ఇరవై ఆరేళ్ళుగా ఉంది. తేదీలతో సహా ఉంది. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం వేరే.

"మానేస్తే మీ ఆయన దగ్గు తిరిగి వస్తుందా అమ్మా?" అన్నాను. "ఇప్పుడు ఆపేస్తే జనం ఆఖరుగా చూసింది కాఫీ మాట తప్పిన షేక్‌నే. ఆ తప్పుకు శిక్ష పడలేదు. అది అలా మీ ఇంటికే అంటుకుని ఉండిపోతుంది. లెక్క తప్పితే పుస్తకం చింపరు కదా, కింద గీత గీసి సరిచేస్తారు. ఆ టీవీ షేక్ తెర మీదే ఫలితం అనుభవించాలి. అందరూ చూస్తుండగా."

"ఎలా?"

"చావాలి" అన్నాను.

అని, చేతిలో బాదం చూసుకున్నాను. ఆయన ఆ రెండు సీసాలూ తీసి నాలుగింటి పక్కన పెట్టడం గుర్తొచ్చింది.

ఉమ్ ఖలఫ్ నన్ను ఎగాదిగా చూసింది. "మీ ఆయనకు చావడం బాగా వచ్చా?"

"ముప్పై ఒక్కసార్లు చచ్చాడు. ఒకదానిలా ఒకటి ఉండదు" అన్నాను. ఆ మాట నేను గర్వంగా అన్నట్టు ఆమెకు అనిపించి ఉండవచ్చు. ఉన్న విషయం చెప్పాను, అంతే.

ఆమె లేచి చేతులు కడుక్కుని, తెర పక్కన నిలబడి, పప్పులో ఉప్పు చూడాలి రమ్మని షేక్ గారిని పిలిచింది. ఉపవాసంలో ఉప్పు చూడటం ఏమిటని ఎవరూ అడగలేదు. ఇద్దరూ గోడ పక్కన రెండు నిమిషాలు గుసగుసలాడారు. ఆయన నావైపు ఒకసారి చూశారు. నేను బాదం వైపు చూశాను.

మసీదు నుంచి బాంగు వినిపించింది. తలా ఒక ఖర్జూరం, తలా ఒక గుక్క మజ్జిగ. తర్వాత కాఫీ వచ్చింది, వేడిది, నిజమైనది. సయ్యద్ గారు కప్పు అందుకుని, మళ్ళీ మొదట్నుంచి, మర్యాదగా కింద పెట్టారు. తెర చీలికలోంచి ఫాలిహ్ చేతులు కనిపిస్తున్నాయి. మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎవరి చేతుల్నీ అనుకరించడం లేదు.

షేక్ గారు అన్నారు: "కాఫీ తాగండి సయ్యద్ గారూ. అతను నటించుకోవచ్చు. కాని ఒక షరతు. కాఫీ మాట తప్పినవాడు పండగ చూడకూడదు."

సయ్యద్ గారి కప్పు పెదాల దగ్గర ఆగిపోయింది.

"టీవీలో," అన్నారు షేక్ గారు.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు, ఒక్క ఫాలిహ్ తప్ప. ఆయన మొహం చూశాను. నోరు విప్పకూడదన్నది మర్చిపోయాడు.

"షేక్ గారూ, ఇప్పటికి ముప్పై ఒక్కసార్లు అయింది. ఈ ఒక్కసారి..." అని ఆగిపోయాడు. తర్వాత, "ముప్పయ్యో భాగం దాకా ఉండనివ్వండి. ఆఖరి నిమిషం దాకా" అన్నాడు.

షేక్ గారు ఆలోచించి ఒప్పుకున్నారు. "ఇంకొకటి. నాది ఎడమకాలు. ఆరు రోజులు నా అన్నం తిని అది కూడా చూడలేదా?"

జాసిబ్ కూడా నవ్వాడు. మీసం ఉన్నందువల్ల ఆలస్యంగా తెలిసింది.

తిరిగి వస్తుంటే కారులో ఫాలిహ్ ఎడమకాలు చాచి చూసుకున్నాడు. "ఆ పెద్దాయనకి ఈ ఆలోచన ఎలా వచ్చిందో" అన్నాడు.

లోతైన బుర్ర, అన్నాను.

రంజాన్ 12, శనివారం

ఉల్లిపాయలు ఏడు. కళ్ళు మండాయి.

రంజాన్ 16, బుధవారం

ఎలా చావాలన్నది తేలడం లేదు. లైత్ కాఫీలో విషం అన్నాడు. సయ్యద్ గారు విని గుండె పట్టుకున్నారు. అలా చేస్తే కాఫీ పరువు ఇంకోసారి పోతుంది, మళ్ళీ మూడు కార్లు కట్టుకుని వెళ్ళాలి. తుపాకీ అంటే ఎవరో ఒకరు కాల్చాలి, ఆ కాల్చినవాడిది ఏ తెగ అన్న ప్రశ్న వస్తుంది. కత్తికీ అంతే. చివరికి గుండెపోటు అని తేల్చారు. గుండెపోటు మీద ఏ తెగా గోడకు రంగు వేయదు.

కాబట్టి రక్తం అక్కర్లేదు. ఆ సంగతి ఆయనే వచ్చి చెప్పాడు, నేను మిగిలిన పాకం సీసాలు కిందికి దించుతుంటే. ఇద్దరం ఆ సీసాలను కాసేపు చూశాం.

"ఒక రకంగా నా మాటే నిలబడింది. రక్తం లేదు" అన్నాడు.

రంజాన్ 21, సోమవారం

నడవాలో చస్తున్నాడు, పొద్దుట్నుంచి పదిహేడుసార్లు. రుసుల్ కాలేజీకి వెళ్తూ ఆయన్ని దాటుకుని వెళ్ళింది. నాన్న శవానికి కాళ్ళు అడ్డంగా ఉన్నాయి, పక్కకు తియ్యమని చెప్పు, అంది.

రంజాన్ 25, శుక్రవారం

చిత్రీకరణ అయింది. ఎలా వచ్చిందంటే చెప్పడు. ఎడమకాలు కుంటి కుంటి మోకాలు నిజంగా వాచింది. ఉప్పు కాపడం పెట్టాను.

రంజాన్ 30, బుధవారం

ఆఖరి భాగం తమతో కూర్చుని చూడాలని సువైరా నుంచి కబురు వచ్చింది. వెళ్ళాం. అతిథిశాలలో టీవీ పెట్టారు, రెండు జనరేటర్లు, ఒకటి పోతే ఇంకోటి. ఆ జాగ్రత్త జాసిబ్‌ది. మగవాళ్ళు ఆ పక్క, మేము తెరకు ఈ పక్క. వలవడానికి ఏమీ తీసుకెళ్ళలేదు.

టీవీలో షేక్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అందరూ వదిలేసి వెళ్ళారు. ముందు కాఫీ కప్పు. ఎవరైనా వచ్చి తాగమంటారేమోనని గుమ్మం వైపు చూస్తాడు. ఎవరూ రారు. తానే చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంటాడు. తాగడానికి ధైర్యం లేదు. అంగవస్త్రం సర్దుకుంటాడు. లేచి నిలబడతాడు, ఎడమకాలు. దగ్గుతాడు. ఒకటి.

కొంచెం ఆగి, రెండు.

ఇంకొంచెం ఆగాడు. మొహం అలాగే ఉంది, మూడోదాని కోసం సిద్ధంగా. ఆ మొహంలోంచి మనిషి వెళ్ళిపోయాడు. ముప్పై ఒక్క చావులకు రక్తం కలిపిన దాన్ని నేను, నాకు కూడా ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియలేదు. తర్వాత ఎప్పటికో పడిపోయాడు.

అతిథిశాలలో యాభై మంది ఉన్నారు. కూలర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ ఆ మూడో దగ్గు కోసం ఇంకా చూస్తున్నారు. మనిషి పోయినా అది వస్తుందేమో అన్నట్టు.

అప్పుడు తెర అవతల నుంచి వచ్చింది. గొంతులో రాయి దొర్లినట్టు. టీవీలోంచి కాదు.

ఉమ్ ఖలఫ్ చేతిలో పళ్ళెం కింద పెట్టింది.

"అదిగో, ఉన్నాడు" అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

షవ్వాల్ 1, గురువారం, పండగ

రొట్టెల దుకాణం వాడు మంచి రొట్టెలు పది ఇచ్చి, పోయినవాడికి స్వర్గం దొరకాలి అన్నాడు. పోయినవాడు నా వెనకే నిలబడి నువ్వుల రొట్టె తింటున్నాడు. గోడకు మళ్ళీ సున్నం వేయిస్తానని జాసిబ్ ఫోన్ చేశాడు. రంగు డబ్బా ఎక్కడ కొన్నారో అడిగాను, చెప్పాడు.

వెనక పేజీలో రాశాను: 32. గుండెపోటు. ముప్పయ్యో భాగం, ఆఖరి నిమిషం. రక్తం లేదు. ఇన్నేళ్ళలో మా ఆవిడ చెయ్యి పెట్టకుండా జరిగిన మొదటి చావు అని ఫాలిహ్ అందరికీ చెబుతున్నాడు. నేను దిద్దలేదు.

ఇంకో సీరియల్‌కు పిలుపు వచ్చిందట. ముసలి బడిపంతులు వేషం. మానేయమని చెప్పాను. తేదీ వేసుకున్నాను.

మధ్యాహ్నం వచ్చేవాళ్ళ కోసం కలీచాలు పళ్ళేల్లో సర్దుతుంటే రుసుల్ అంది, అమ్మా, నువ్వు మళ్ళీ పెదాలు కదుపుతున్నావు, అని. అవునా అన్నాను. లెక్క సరిపోయింది, నూట ఇరవై.

తల ఎత్తేసరికి ఫాలిహ్ వంటింటి గుమ్మం పక్కన ఉన్నాడు. కనబడకుండా ఉన్నాననుకుంటున్నాడు. నా చేతుల వైపే చూస్తున్నాడు. ఆయన బొటనవేలు చూపుడువేలిని నొక్కుతోంది, కాని పదికి కాదు, తొమ్మిదికి.

నేను చూడనట్టే ఉన్నాను. పళ్ళెం కొంచెం వెలుతురు వైపుకు జరుపుకుని, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను, ఈసారి నెమ్మదిగా.